మార్లవాయి బడి – హైమన్‌డార్ఫ్ గారి జీవిత చరిత్ర

ఈ నెల మన గోడ పత్రికలో మహనీయుల జీవితం రాసే వంతు తొమ్మిదో తరగతికి వచ్చింది. గాంధీ గారి గురించి, అంబేద్కర్ గారి గురించి, సావిత్రీబాయి పూలే గారి గురించి ఇంతకు ముందే మన అక్కలు రాసిండ్రు. నేను హైమన్‌డార్ఫ్ గారి గురించి రాస్తున్నాను. ఆయన పూర్తి పేరు క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. పలకడానికి కొంచెం కష్టమే. ఆదిలాబాద్ వైపు గోండు అక్కలకు ఈ పేరు బాగా తెలుసు. మా కోయ పిల్లలకు అంతగా తెలియదు. అందుకే రాస్తున్నాను.

ఆయన రాజు కాదు, మంత్రి కాదు, యుద్ధం చేసిన వీరుడు కూడా కాదు. చదువు లేని ఇండ్ల నుంచి మొదటి చదువరిని ఎట్ల తయారు చెయ్యాలి, ఆ చదువరికి ఉద్యోగం ఎట్ల చూపించాలి అని 80 ఏండ్ల కిందనే ఆలోచించి, చేసి చూపించిన మనిషి. మన హాస్టల్లో చాలా మందిమి మన ఇండ్లల్ల మొదటి చదువరులమే. కాబట్టి ఇది మన కథ కూడా.

జననం – చదువు

హైమన్‌డార్ఫ్ గారు 1909వ సంవత్సరం జూన్ 22వ తేదీన ఆస్ట్రియా దేశంలోని వియన్నా నగరంలో జన్మించారు. ఆస్ట్రియా యూరప్ ఖండంలో ఉన్నది. సోషల్ క్లాసులో వేలాడేసే ప్రపంచ పటంలో చూస్తే జర్మనీకి కింద చిన్న దేశంగా కనబడుతుంది. ఆయన వియన్నా విశ్వవిద్యాలయంలో మానవ శాస్త్రం చదివారు. మానవ శాస్త్రం అంటే మనుషులు ఎట్ల బతుకుతరు, ఏం నమ్ముతరు, పెండ్లి ఎట్ల చేసుకుంటరు, చావు ఎట్ల చేస్తరు అని దగ్గర ఉండి తెలుసుకునే చదువు. 1931లో డాక్టరేటు పొందారు. తరువాత లండన్ పోయి మాలినోవ్‌స్కీ అనే పెద్ద ప్రొఫెసరు దగ్గర చదువుకున్నారు. ఏ జాతి గురించి రాయాలన్నా ఆ జాతి భాష నేర్చుకోవాలి, వాళ్ల ఊళ్లోనే ఉండాలి అనేది ఆ ప్రొఫెసరు గారి పద్ధతి.

1936లో మొదటిసారి మన దేశం వచ్చి ఈశాన్యంలో నాగా కొండలలో నాగా ప్రజల మధ్య ఉన్నారు. వాళ్ల గురించి పుస్తకం రాశారు. 1938లో బెట్టీ గారిని వివాహం చేసుకున్నారు. ఆమెను మన వైపు బెట్టీ ఎలిజబెత్ అంటరు. 1939లో ఇద్దరూ కలిసి మళ్లీ భారతదేశం వచ్చారు.

యుద్ధం వచ్చింది – హైదరాబాదులో ఆగిండ్రు

వాళ్లు వచ్చిన సంవత్సరమే రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. అంతకు ముందు 1938లోనే హిట్లర్ ఆస్ట్రియాను జర్మనీలో కలుపుకున్నాడు. దాని వలన హైమన్‌డార్ఫ్ గారి చేతిలో ఉన్నది జర్మనీ పాస్‌పోర్టు. బ్రిటిషు వాళ్లకు జర్మనీ శత్రు దేశం. ఆయన ఏ తప్పూ చెయ్యకపోయినా కాగితం ప్రకారం శత్రు దేశస్థుడు అయినారు. ఎక్కడ పడితే అక్కడ తిరగడానికి లేదు. అయితే నిజాం ప్రభుత్వం ఆయనను హైదరాబాదు రాజ్యంలో ఉండనిచ్చింది.

ఇక్కడ ఒక మాట. ఒక మనిషి మంచి చెడ్డలు చూడకుండా చేతిలో ఉన్న కాగితం చూసి శత్రువు అన్నారు. అదే కాలంలో మన తాతల భూములు కూడా కాగితం చూసే పోయినయి. దున్నినోడు ఒకడు, కాగితం ఉన్నోడు ఇంకొకడు. కాగితం బలం ఏందో ఆయనకు సొంత బతుకులోనే తెలిసి ఉంటుంది అని నాకు అనిపించింది.

హైదరాబాదు రాజ్యంలో ఆయన ముందుగా 1940లో నల్లమల అడవిలో అమ్రాబాద్ వైపు చెంచుల దగ్గర ఉన్నారు. తరువాత 1941లో గోదావరి ఒడ్డున కొండరెడ్ల దగ్గరకు పోయారు. అప్పటి వరంగల్ జిల్లా ఇప్పటి లెక్క చిన్నది కాదు. ములుగు, ఇల్లెందు, పాల్వంచ అన్నీ వరంగల్‌లోనే ఉండె. ఖమ్మం 1953లో వేరు జిల్లా అయింది. అంటే ఆయన మన వరంగల్ జిల్లా అడవుల్లోనే కొండరెడ్ల ఊళ్లల్ల తిరిగి, వెదురు కొట్టించే కాంట్రాక్టర్లు కూలి సరిగ్గా ఇయ్యకుండా అప్పుల్లో ఉంచుతున్నరని ప్రభుత్వానికి రిపోర్టు రాశారు. చెంచుల పుస్తకం 1943లో, కొండరెడ్ల పుస్తకం 1945లో అచ్చు అయినయి.

జోడేఘాట్ తరువాత

కుమ్రం భీమ్ పేరు తెలియని ఆదివాసీ పిల్ల ఉండదు. అడవిని రిజర్వు ఫారెస్టు చేసి ఊళ్లను ఖాళీ చేయించడం, దున్నుకున్న భూమి బయటి వాళ్ల పేరు మీద పట్టా కావడం, పశువులు మేసినా పన్ను కట్టించుకోవడం, ఇవన్నీ భరించలేక ఆయన తిరగబడ్డాడు. జల్, జంగల్, జమీన్ మాది అన్నాడు. 1940లో జోడేఘాట్ దగ్గర నిజాం పోలీసుల కాల్పుల్లో అమరుడయ్యాడు. ఆయనతో పాటు ఇంకా కొందరు గోండులు చనిపోయిండ్రు. భీమ్ అస్సాం తేయాకు తోటల్లో పని చేస్తూ చదవడం, రాయడం నేర్చుకున్నాడని మన పెద్దలు చెప్తరు. కాగితం చదివితేనే మోసం తెలుస్తది కదా.

భీమ్ చనిపోయిన తరువాత ప్రభుత్వానికి భయం పట్టుకుంది. గోండులు ఎందుకు తిరగబడ్డరు, మళ్లీ ఇట్ల కాకుండా ఏం చెయ్యాలి అని తెలుసుకోవడానికి హైమన్‌డార్ఫ్ గారికి పని అప్పగించింది. ఈ విషయం మనం మరిచిపోవద్దు. ప్రభుత్వం దయతో మాత్రమే ఆయనను పంపలేదు. భీమ్ రక్తం చిందినందుకు పంపింది. జోడేఘాట్ లేకపోతే మార్లవాయి బడి కూడా వచ్చేది కాదేమో.

మార్లవాయిలో కాపురం

మార్లవాయి ఒక గోండు గూడెం. ఇప్పుడు కుమ్రం భీమ్ ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలో ఉన్నది. హైమన్‌డార్ఫ్ గారు, బెట్టీ గారు ఆ ఊళ్లోనే గోండుల ఇండ్ల లాంటి గుడిసెలో కాపురం పెట్టారు. గెస్టు హౌసులో ఉండి జీపులో వచ్చి పోయే అధికారి లాగ ఉండలేదు. గోండి భాష నేర్చుకున్నారు. పండుగలకు, పెండ్లిళ్లకు, జాతరలకు పోయిండ్రు. ఎవరి గోత్రం ఏది, ఎవరి పెర్సాపేన్ ఏది, ప్రధాన్లు ఏ కథలు చెప్తరు అన్నీ రాసుకున్నారు. ఆ రాసుకున్నదే 1948లో ఆదిలాబాద్ రాజ్‌గోండుల పుస్తకం అయింది.

బెట్టీ గారు కూడా ఊరికే తోడు వచ్చిన మనిషి కాదు. ఆమె కూడా గోండి మాట్లాడుతూ ఆడవాళ్లతో కలిసిపోయారు. తరువాత కాలంలో దక్షిణ ఆసియా మానవ శాస్త్ర పుస్తకాలన్నిటికీ పెద్ద జాబితా తయారు చేసి అచ్చు వేయించారు. ఆయన పేరు అందరూ చెప్తరు గని ఆమె పేరు తక్కువ చెప్తరు. అందుకే రాసిన.

ఊళ్లో ఉంటే ఆయనకు అసలు రోగం తెలిసింది. గోండులకు భూమి లేక కాదు, బలం లేక కాదు. వాళ్లల్ల కాగితం చదివేటోళ్లు లేరు. పట్వారీ బయటి మనిషి. సేటు బయటి మనిషి. ఫారెస్టు వాళ్లు బయటి మనుషులు. సర్కారు కాగితం ఉర్దూలో ఉంటుండె. గోండు మనిషికి వేలిముద్ర వేసుడు ఒక్కటే తెలుసు. పది రూపాయల అప్పు అని వేలిముద్ర వేస్తే దాని మీద వంద అని రాసినా తెలియదు. భూమి పట్టా ఇచ్చినా చదివేటోడు లేకపోతే ఆ పట్టా నిలవదు. కాబట్టి భూమి, చదువు రెండూ ఒకేసారి ఇయ్యాలని ఆయన ప్రభుత్వానికి చెప్పారు.

మొదటి బడి ఎట్ల మొదలైంది

ఇక్కడ పెద్ద చిక్కు వచ్చింది. బడి పెట్టాలంటే టీచర్లు కావాలి. గోండులల్ల చదువు వచ్చినోళ్లను వేళ్ల మీద లెక్క పెట్టవచ్చు. పట్నం నుంచి టీచర్లను తెస్తే వాళ్లకు గోండి రాదు, అడవిలో ఉండరు, జ్వరం వచ్చిందని నెల తిరగకముందే పోతరు. పిల్లలకు వాళ్ల మాట అర్థం కాదు.

అప్పుడు ఆయన తలకిందులుగా ఆలోచించారు. ముందు పిల్లల బడి కాదు, ముందు టీచర్ల బడి. కొంచెం అక్షరం ముక్క వచ్చిన గోండు యువకులను వెతికి తెచ్చి, వాళ్లకే చదువు నేర్పి, వాళ్లనే టీచర్లుగా పంపాలి. ఇట్ల 1943లో మార్లవాయిలో గోండు టీచర్ల శిక్షణ కేంద్రం మొదలైంది. పెద్ద డిగ్రీలు ఉన్నోళ్ల కోసం ఆగి ఉంటే ఇప్పటికీ ఆగే ఉంటుండె. ఉన్నోళ్లతోనే మొదలు పెట్టారు.

రెండో పని పుస్తకాలు. గోండి భాషలోనే వాచకాలు తయారు చేయించారు. ఆదిలాబాద్ గోండులకు సంతల్లో, బజార్లల్ల మరాఠీ అలవాటు. అందుకని మరాఠీ రాసే నాగరి లిపిలోనే గోండి రాసిండ్రు. అందులో గోండుల కథలే పాఠాలు అయినయి. పిల్లలు ఇంట్లో విన్న కథనే బడిలో అక్షరాలుగా చూసిండ్రు.

దీని విలువ మనకు బాగా తెలుసు. మా కోయ భాషలో నీళ్లను ఏరు అంటాము. నేను ఒకటో తరగతిలో ఉన్నప్పుడు పుస్తకంలో ఏరు అని పాఠం వచ్చింది. నీళ్లు అనుకున్న. తెలుగులో ఏరు అంటే వాగు అట. టీచరుకు కోయ రాదు, నాకు తెలుగు రాదు. ఆ రోజు నేను మొద్దు అనుకున్నరు. మన హాస్టల్లో కోయ, గోండు, కొలాం పిల్లలను ఎవరిని అడిగినా ఇట్లాంటి కథ ఒకటి చెప్తరు. భాష రాకపోవడం వేరు, బుద్ధి లేకపోవడం వేరు. హైమన్‌డార్ఫ్ గారి బడిలో ఈ రెండింటినీ కలపలేదు. ముందు తల్లి భాష, దాని మీద నిలబడి మిగతా భాషలు.

ఈ పనిలో ఆయనకు సహాయం చేసిన వాళ్లను కూడా చెప్పాలి. సేతు మాధవరావు పగడి గారు ఆదిలాబాద్‌లో పని చేసిన అధికారి. ఆయన కూడా గోండి నేర్చుకుని గోండుల మీద పుస్తకం, గోండి వ్యాకరణం రాశారు. నిజాం ప్రభుత్వంలో రెవెన్యూ శాఖ చూసిన గ్రిగ్సన్ గారు బస్తర్ మాడియా గోండుల గురించి 1938లోనే పుస్తకం రాసిన మనిషి. పైన ఉన్నోళ్లకు అర్థమైతే కింద పని సాగుతది అనడానికి ఇది రుజువు.

కొన్ని సంవత్సరాలలోనే గోండు గూడేలలో పదుల సంఖ్యలో బడులు వచ్చినయి. మార్లవాయి చాలక గిన్నెధరిలో ఇంకొక శిక్షణ కేంద్రం పెట్టిండ్రు. మార్లవాయిలో చదివినోడు ఒక గూడెం పోయి టీచరు అయిండు. ఆయన దగ్గర చదివిన పిల్లగాడు మళ్లీ శిక్షణకు వచ్చిండు. ఒక దీపంతో ఇంకొక దీపం ముట్టించినట్టు అయింది.

చదువు అయినాక ఏం చెయ్యాలి?

చాలా మంది బడి పెట్టి ఊరుకుంటరు. చదివినోడు తరువాత ఎటు పోవాలి అని ఆలోచించరు. చదివి ఇంట్ల కూర్చుంటే ఊళ్లో వాళ్లు ఏమంటరు? చదివి ఏం ఉద్ధరించిండు, నాగలి పట్టుడు కూడా మరిచిపోయిండు అంటరు. మన ఊళ్లల్ల ఇప్పటికీ అంటరు. ఆ మాట విన్న తల్లిదండ్రులు తరువాతి పిల్లను బడికి పంపరు.

హైమన్‌డార్ఫ్ గారు ఇది ముందే పసిగట్టారు. శిక్షణ పొందిన గోండులకు ఆ ప్రాంతంలోనే ఉద్యోగాలు వచ్చేటట్టు చూశారు. కొందరు టీచర్లు అయిండ్రు. కొందరు పట్వారీలు అయిండ్రు. కొందరు ఫారెస్టు గార్డులు, ఆఫీసు గుమాస్తాలు అయిండ్రు. ఎవరి చేతిలో మోసపోయిండ్రో ఆ కుర్చీలల్లనే గోండులు కూర్చున్నరు. పట్వారీ మన మనిషి అయితే భూమి లెక్క మనకు అర్థమయ్యే మాటలో చెప్తడు. ఫారెస్టు గార్డు మన మనిషి అయితే కట్టెలకు పోయిన ముసలమ్మను కొట్టడు. చదువు వలన ఒక్క ఇంటికి జీతం రావడమే కాదు, ఊరంతటికీ ధైర్యం వచ్చింది.

అయితే ఒక లోటు నాకు కనబడింది. టీచర్లు, పట్వారీలు, గార్డులు అని చెప్పేటప్పుడు అందరూ మగవాళ్లే. ఆ కాలం అట్లాంటిది. అప్పుడు మిగిలిపోయిన పని ఇప్పుడు ఆడపిల్లలం మనం చెయ్యాలి.

భూములు, చట్టాలు

1945లో నిజాం ప్రభుత్వం ఆయనను గిరిజనుల, వెనుకబడిన తరగతుల సలహాదారుగా నియమించింది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో మానవ శాస్త్రం కూడా బోధించారు. ఆయన సలహాతో గోండులకు, కొలాంలకు భూమి పట్టాలు ఇయ్యడం జోరందుకుంది. వీటిని లావణి పట్టాలు అంటరు. ఆదిలాబాద్ జిల్లాలో 11 వేలకు పైగా గిరిజన కుటుంబాలకు సుమారు 1,60,000 ఎకరాలు దక్కినయి. గిరిజన ప్రాంతాల కోసం ప్రత్యేక నిబంధనలు కూడా ఆ కాలంలోనే వచ్చినయి. భూమి చేతిలోకి వచ్చింది, ఊళ్లో పట్టా చదివేటోడు కూడా తయారయిండు. రెండూ కలిస్తేనే పని అయితది అని ఆయన అనుకున్నది ఇదే.

విడిచి పోవడం – తిరిగి రావడం

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగి హైదరాబాదు రాజ్యం భారతదేశంలో కలిసింది. 1949లో హైమన్‌డార్ఫ్ గారు లండన్ విశ్వవిద్యాలయంలో ఉద్యోగానికి పోయారు. అక్కడ ప్రొఫెసరుగా చాలా సంవత్సరాలు పని చేశారు. నేపాల్ పోయి ఎవరెస్టు దగ్గర ఉండే షెర్పాల గురించి కూడా రాశారు.

ఇక్కడ బడులు ఆగలేదు గని గోండి చదువు మెల్లగా తగ్గింది. తెలుగు, మరాఠీ పుస్తకాలు వచ్చినయి. తల్లి భాషలో మొదలు పెట్టే పద్ధతి పోయింది.

1976లో ఉద్యోగ విరమణ చేసిన తరువాత ఆయన, బెట్టీ గారు మళ్లీ ఆదిలాబాద్ వచ్చారు. ముప్పై ఏండ్ల తరువాత పాత ఊళ్లు తిరిగి చూశారు. సంతోషం, బాధ రెండూ కనబడ్డయి. మార్లవాయిలో అక్షరాలు దిద్దిన వాళ్లు టీచర్లై, ఉద్యోగస్తులై ఉన్నారు. వాళ్ల పిల్లలు ఇంకా పై చదువులకు పోతున్నారు. కాని చాలా చోట్ల బయటి నుంచి వచ్చినోళ్లు మళ్లీ గోండుల భూములు ఆక్రమించిండ్రు. చట్టం ఉన్నా అమలు కాలేదు. ఆయన ఇదంతా దాచకుండా 1979లో, 1982లో వచ్చిన పుస్తకాలలో రాశారు. తాను చేసిన పని అంతా గొప్పగా నిలిచింది అని చెప్పుకోలేదు. నిలిచింది ఏదో, కూలింది ఏదో రెండూ రాశారు. ఈ గుణం నాకు బాగా నచ్చింది.

చివరి రోజులు

బెట్టీ గారు 1987 జనవరిలో హైదరాబాదులో కన్ను మూశారు. ఆమెను మార్లవాయిలోనే సమాధి చేశారు. పుట్టింది ఎక్కడో, మట్టిలో కలిసింది మన గూడెంలో. హైమన్‌డార్ఫ్ గారు 1995 జూన్ 11న లండన్‌లో మరణించారు. మార్లవాయిలో బెట్టీ గారి పక్కనే ఆయన సమాధి కూడా ఉన్నది. ప్రతి సంవత్సరం జనవరి 11న అక్కడ వర్ధంతి చేస్తరు. గోండులు గోండు పద్ధతి ప్రకారమే పూజ చేసి వాళ్లను తలుచుకుంటరు. మన జాతి కాని మనుషులను మన పెద్దల వరుసలో కలుపుకున్నరు. అంత కంటే పెద్ద సన్మానం ఏముంటది?

ఇప్పుడు మనం ఎక్కడ ఉన్నాము

మనం ఖిలా వరంగల్‌లో చదువుతున్నాము. రాతి తోరణాలు, ఖుష్ మహల్ చూడడానికి ఎక్కడెక్కడి నుంచో మనుషులు వస్తరు. ఈ కోట నుంచే కాకతీయ రాజు సైన్యం మేడారం మీదికి, మా సమ్మక్క తల్లి మీదికి వచ్చిందని మా పెద్దలు చెప్తరు. కప్పం కట్టలేదని వచ్చిందట. ఇప్పుడు అదే కోటలో సమ్మక్క పిల్లలం ట్రంకు పెట్టెలు పట్టుకుని వచ్చి చదువుకుంటున్నము. కాలం ఎంత మారింది!

అయినా అన్నీ మారలేదు. 2000 సంవత్సరం జనవరి 10న ప్రభుత్వం 3వ నంబరు జీవో ఇచ్చింది. దాని ప్రకారం ఏజెన్సీ ఊళ్లల్ల టీచరు పోస్టులు అన్నీ అక్కడి గిరిజనులకే. హైమన్‌డార్ఫ్ గారు మార్లవాయిలో చేసిన ఆలోచనే ఇది. ఆ జీవో వలన ఎన్నో ఇండ్లల్ల టీచర్లు తయారయిండ్రు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఆ జీవో చెల్లదు అని తీర్పు ఇచ్చింది. నూటికి నూరు పోస్టులు ఒకే వర్గానికి ఇయ్యకూడదు అన్నది. అప్పటికే ఉద్యోగంలో ఉన్నోళ్లను తీసెయ్యలేదు. కాని మన తరం పిల్లలకు ఆ దారి ఇరుకైంది. పదో తరగతి, ఇంటరు, తరువాత డీఎడ్, ఆ పైన టెట్, డీఎస్సీ రాసి అందరితో పోటీ పడి పోస్టు తెచ్చుకోవాలి. అంటే ఇదివరకటి కంటే ఎక్కువ చదవాలి, మధ్యలో ఆగకూడదు.

తల్లి భాష విషయంలో ఒక మంచి మాట ఉన్నది. 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కోయ, గోండి, కొలామి, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒరియా, బంజారా అనే ఎనిమిది భాషలలో చిన్న పిల్లలకు చదువు మొదలు పెట్టింది. అంటే 1943లో మార్లవాయిలో చేసిన పని సరి అయినదే అని 60 ఏండ్ల తరువాత ఒప్పుకున్నట్టు. ఇంకొక సంతోషం, ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం పెట్టడానికి 2023లో పార్లమెంటు చట్టం చేసింది. మా ఊళ్ల దగ్గరకే యూనివర్సిటీ వచ్చింది. కాని అక్కడిదాక పోవాలంటే ముందు పదో తరగతి దాటాలి కదా.

మనం చెయ్యవలసినది

దసరా సెలవులకు, సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయిన వాళ్లల్ల కొందరు తిరిగి రారు. మిరపకాయలు ఏరుడుకు, పత్తి తీసుడుకు ఆపుతరు. కొందరికి పెండ్లి చేస్తరు. వాళ్ల మంచం ఖాళీగా ఉంటది. కొన్ని రోజులు అటెండెన్సులో పేరు పిలుస్తరు, తరువాత పిలవరు. ఎందుకు రాలేదు అంటే ఇంట్ల ఇబ్బంది అంటరు. ఇబ్బంది నిజమే. కాని ఇంకొక కారణం కూడా ఉన్నది. పాఠం అర్థం కానోళ్లే ఎక్కువగా ఆగిపోతరు. ఐదో తరగతిలో కొత్తగా చేరినప్పుడు తెలుగు సరిగ్గా రాదు, ఇంగ్లీషు అసలే రాదు, అడుగుదామంటే నవ్వుతరని భయం. అట్ల రెండేండ్లు గడిస్తే చదువు మీద మనసు పోతది. అప్పుడు ఇంట్ల ఆగు అంటే ఆగిపోవుడే.

హైమన్‌డార్ఫ్ గారి జీవితం నుంచి నేను నేర్చుకున్నది ఇదే. సహాయం అంటే పలకలు, బట్టలు పంచుడు ఒక్కటే కాదు. మనలో నుంచే కొంచెం ముందు ఉన్న మనిషిని నిలబెట్టి, వెనుక ఉన్న మనిషి చెయ్యి పట్టించాలి. ఆ చెయ్యి మన భాష మాట్లాడే చెయ్యి కావాలి. తరువాత ఏం కావచ్చో దారి కూడా చూపించాలి.

కాబట్టి వార్డెన్ మేడం గారికి, టీచర్లకు మా తొమ్మిదో తరగతి తరపున ఒక మనవి చేస్తున్నాము. సాయంత్రం స్టడీ అవర్లో అరగంట మాకు ఇప్పించండి. తొమ్మిది, పది తరగతుల్లో కోయ వచ్చినోళ్లు ఐదో తరగతి కోయ పిల్లల దగ్గర, గోండి వచ్చినోళ్లు గోండు పిల్లల దగ్గర, లంబాడీ అక్కలు లంబాడీ చెల్లెండ్ల దగ్గర కూర్చుంటము. అర్థం కాని పాఠం మా మాటలో చెప్తము. మేము పెద్ద టీచర్లం కాము. మార్లవాయిలో మొదట శిక్షణకు వచ్చిన వాళ్లు కూడా పెద్ద చదువులు చదివినోళ్లు కాదు, కొంచెం అక్షరం వచ్చినోళ్లే.

ఇంకొక మనవి. పదో తరగతి తరువాత ఏ చదువు ఉంది, డీఎడ్‌కు ఎంట్రెన్సు ఎప్పుడు, నర్సు కోర్సుకు ఏ గ్రూపు తీసుకోవాలి, ఫీజు ఎంత, స్కాలర్‌షిప్పు ఎట్ల వస్తది అనేవి ఒక చార్టు మీద రాసి ఈ గోడ పత్రిక పక్కన పెడదాము. మా అమ్మ నాన్నలకు ఇవి తెలియవు. అడిగితే చెప్పేటోళ్లు మా ఊళ్లో లేరు. సెలవులకు ఇంటికి పోయేటప్పుడు ప్రతి పిల్లా ఆ చార్టు నోటుబుక్కులో ఎక్కించుకుని పోవాలి. ఎందుకు చదువుతున్నవు, ఇక చాలు అని ఇంట్ల అడిగితే చూపించడానికి చేతిలో ఒక కాగితం ఉంటది.

మన తాతలు కాగితం చూసి భయపడ్డరు. మనం కాగితం చూపించి తిరిగి రావాలి. వచ్చే సెలవుల తరువాత ఏ మంచమూ ఖాళీగా ఉండొద్దని కోరుకుంటూ ముగిస్తున్నాను.

వ్రాసినది: తొమ్మిదో తరగతి విద్యార్థిని
బొమ్మ (మార్లవాయి గుడిసె), అందమైన చేతిరాత: తొమ్మిదో తరగతి స్నేహితురాళ్లు